రథముపై నిలిచిన జెండా

గోదావరి సీమ కథలు: తొమ్మిదవ ప్రకరణము

పలివెల ఉమాకొప్పేశ్వరుని కథ కోనసీమలో పసిపిల్లలకు సైతము తెలిసినదే. స్వామికి సమర్పించవలసిన పూలదండను ప్రియురాలి సిగలో ముడిచి, ఆ దండనే మరల తెచ్చి రాజునకు ప్రసాదముగ నొసగిన అర్చకుడు, అందొక తలవెండ్రుక బయటపడగనే ప్రాణభీతిచే మా స్వామికి కొప్పు కలదని బొంకెననియు, రాజు స్వయముగ గర్భాలయమున ప్రవేశించి చూడగా, భక్తుని కాపాడుటకై శివుడు నిజముగనే లింగముపై కొప్పు దాల్చి దర్శనమిచ్చెననియు పెద్దలు చెప్పుదురు. ఈ కథలో భక్తవాత్సల్యమును చూచువారు దానినే చూతురు గాక. చరిత్ర చదువువానికి అందు మరియొక విశేషము గోచరించుచున్నది. రాజు అర్చకుని మాటను నమ్మలేదు, ప్రమాణమును నమ్మలేదు. తుదకు కంటికెదురుగ నిలిచిన రూపమును మాత్రము కాదనలేకపోయెను. రూపమునకును రాజ్యాధికారమునకును గల ఈ సంబంధమే నేటి ప్రకరణమునకు విషయము.

ఉప్పు సత్యాగ్రహ కాలమున గోదావరి పాయల నడుమనున్న పల్లెలు ఏ విధముగ మేల్కాంచినవో గత ప్రకరణమున వివరించియుంటిమి. ఆ వృత్తాంతమంతయు నాయకుల ఉపన్యాసములతోను, అరెస్టులతోను, జైలుశిక్షలతోను నిండియున్నది. అయితే ఉపన్యాసమును వినుటకు సభకు పోవలయును; పత్రికను చదువుటకు చదువు రావలయును. ఆ దినములలో పల్లెపట్టున అక్షరము వచ్చినవారు మిక్కిలి తక్కువ. సభకు పోనివానికిని, చదువు రానివానికిని, తుదకు వినదలపని వానికిని సైతము తప్పక కానవచ్చునది యొక్కటే: రంగు, గీత, బొమ్మ, జెండా. నేడు గ్రాఫిక్ డిజైన్ అని వ్యవహరింపబడు కళ ఆనాడు ఆ పేరెరుగకయే మన తెలుగుదేశమున రాజ్యమునెదిరించినది; ఆ ఎదిరింపునకు కోనసీమలో, పలివెలకు సమీపముననే యున్న వాడపల్లిలో, నలుగురి ప్రాణములు మూల్యమైనవి.

ఆ ఘట్టమునకు పూర్వము ఆ జెండా పుట్టుకను కొంత చెప్పవలసియున్నది.

కృష్ణా మండలమున భట్లపెనుమర్రులో జన్మించి, యౌవనమున దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధమును చూచి, తరువాత బందరు జాతీయ కళాశాలలో అధ్యాపకుడైన పింగళి వెంకయ్యగారిని లోకము పలుపేర్లతో పిలిచినది. పత్తి పంటపై పరిశోధన చేసినందున పత్తి వెంకయ్య. జపాను భాషను నేర్చినందున జపాను వెంకయ్య. కడకు జెండా వెంకయ్య. ఆయన 1916లో భారతదేశమునకొక జాతీయ పతాకము కావలయునని ఒక గ్రంథమును ప్రకటించి, అందు ముప్పది నమూనాలను పొందుపరచెను. ఇన్ని నమూనాలుండియు అయిదేండ్లవరకు ఒక్కటియు ప్రజల చేతికెక్కకపోవుట గమనింపదగినది. ఆ నడుమ హోంరూలు ఉద్యమమువారు తమకొక జెండాను కల్పించుకొనిరి. అందు ఎరుపు పట్టీలయిదు, ఆకుపచ్చ పట్టీలు నాలుగు, సప్తర్షుల నక్షత్రములేడు, ఒక మూల చంద్రవంక, మరియొక మూల బ్రిటిషువారి పతాకమే యుండెను. చెప్పదలచినదంతయు చెప్పిన జెండాయే గాని, పల్లెలోని దర్జీ దానిని కుట్టుటెట్లు? దూరముననున్నవాడు దానిని గుర్తించుటెట్లు?

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది. జలంధరుకు చెందిన లాలా హంసరాజు జెండాపై రాట్నముండవలెనని అంతకుముందే సూచించియుండెను. గాంధీగారు ఆ ఊహను వెంకయ్యగారికి తెలిపి, హిందువులకు ఎరుపు, మహమ్మదీయులకు ఆకుపచ్చ రంగులుగ గల గుడ్డపై రాట్నమును చిత్రించి ఇమ్మనిరి. మూడు గంటలలో నమూనా సిద్ధమైనదట. అయినను సంఘము ఎదుట పెట్టుటకు వేళ మించిపోయినది. ఆ ఆలస్యమే మేలైనదని గాంధీగారు ఏప్రిల్ 13వ తేదీ యంగ్ ఇండియాలో వ్రాసిరి. ఏలయన, ఆలోచింపగా, తక్కిన మతములవారికిని చోటుండవలెనని ఆయనకు తోచి, తెలుపును చేర్చిరి. పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, అడుగున ఎరుపు. సంఖ్యలో స్వల్పులైనవారు మొదటను, అధికులైనవారు చివరను నిలిచి బలవంతులు బలహీనులకు అండయగుటయే ఆ వరుసకర్థము. మూడు పట్టీలను వ్యాపించి రాట్నము.

ఈ నమూనాలోని నేర్పు దాని అందములో లేదు, దాని తేలికలో ఉన్నది. మూడు ఖద్దరు ముక్కలను ప్రక్కప్రక్కన చేర్చి కుట్టగల చేయి ప్రతి ఊరనుండెను. రాట్నపు బొమ్మను చక్కగ వ్రాయలేనివాడు వంకరగ వ్రాసినను చూచువానికి అర్థమగును; అసలే వ్రాయకున్నను ఆ గుడ్డ రాట్నముపై వడికిన నూలుతో నేసినదే గనుక రాట్నము అందున్నట్లే. చిత్రకారుని సంతకము లేని చిత్రమిది. ఎవ్వరు నకలు తీసినను అసలే యగును. అట్టి చిత్రమును నిషేధించుట యెట్టి ప్రభుత్వమునకైనను దుస్సాధ్యము. ఒక అచ్చుకూటమునకు తాళము వేయవచ్చును గాని, దేశమందలి సూదులన్నిటికిని తాళము వేయజాలరు గదా.

బెజవాడ సమావేశమునకు రెండేండ్ల ముందు, ఈజిప్టు ప్రజలును ఇట్టి యుక్తినే కనుగొనిరి. 1919 మార్చిలో బ్రిటిషువారు జాతీయ నాయకుడైన సాద్ జగ్లూల్‌ను మాల్టా ద్వీపమునకు ప్రవాసము పంపగా కైరో వీథులలో ఉప్పొంగిన జనము ఆకుపచ్చని గుడ్డపై తెల్లని నెలవంకను, దాని సరసన సిలువను చిత్రించి ఎత్తిరి. మహమ్మదీయులును కోప్టు క్రైస్తవులును ఒక్కటే జాతియని చెప్పుటకు వారికి గ్రంథములు కావలసి రాలేదు. రెండు గురుతులు ప్రక్కప్రక్కన నిలుచుటయే చాలినది. తరువాత మహమూద్ ముఖ్తార్ అను శిల్పి మేల్కొనుచున్న స్ఫింక్సును, ముసుగును తొలగించుకొనుచున్న పల్లెపడుచును ఆస్వాను గులాబిరంగు రాతిలో మలచెను. ప్రజలు చందాలెత్తి నిర్మింపజేసిన ఆ విగ్రహము 1928లో కైరో రైలుస్టేషను ఎదుట ప్రతిష్ఠితమైనది. రాజప్రాసాదములో గాక, పల్లెల నుండి రైలు దిగువాని కన్నుల ఎదుట దానిని నిలిపిరి. బొమ్మ యేది అనుటకంటె అది యెచ్చట నిలిచినది అనుటయే ముఖ్యమని వారెరిగిరి. మన తెలుగువారును రెండు మూడేండ్ల పిమ్మట దానినే ఎరిగిరి.

1930వ సంవత్సరము వచ్చునప్పటికి జెండా రాజద్రోహమునకు గురుతుగ ప్రభుత్వము కన్నులకు కనబడజొచ్చెను. జెండాయే కాదు, తలపై టోపీ సైతము. గుంటూరులో గాంధీ టోపీ ధరింపరాదని అధికారులు ఆ వేసవిలో నిషేధాజ్ఞ విధించిరి. తెల్లని గుడ్డముక్క యొక్కటి మనుష్యుని తలమీద నున్నంత మాత్రమున సామ్రాజ్యమునకు భంగము కలుగునని తలచుట నేడు హాస్యాస్పదముగ తోచవచ్చును గాని, ఆజ్ఞ వ్రాసినవారు తెలివితక్కువవారు కారు. వేయిమంది తలలపై ఒక్కటే టోపీ కనబడినప్పుడు వేయిమందియు ఒక్కటేయని చూచువానికి తెలియుననియు, ఆ తెలివియే తమకు అపాయమనియు వారికి బాగుగ తెలియును. అదే యేడు మే 6వ తేదీన బందరు కోనేరు కూడలిలో జెండా నెగురవేయబూనిన తోట నరసయ్యనాయుడు పోలీసు లాఠీలు ఒడలెల్ల చీల్చుచున్నను స్పృహ తప్పి పడిపోవువరకు చేతిలోని జెండాను విడువలేదు. అది ఊరి నడుమ కూడలి. పట్టణమునకంతకును కనబడు స్థలము. జెండాను ఇంటిలోపల దాచుకొన్నచో ఆయనను ఎవ్వరును కొట్టియుండరు.

ఇక వాడపల్లి.

గౌతమీ తీరమున, నేటి కొత్తపేట ప్రాంతమున వెలసిన వాడపల్లి వేంకటేశ్వరస్వామి రక్తచందన దారుమూర్తి. చైత్ర శుద్ధ ఏకాదశినాడు అచ్చట జరుగు రథోత్సవమునకు చుట్టుపట్ల పల్లెలు పొంగి వచ్చును. కోనసీమ జనమునకు రూపములను మోసికొని తిరుగుట అనాదిగ అలవాటైన పని యని ఇచ్చట జ్ఞాపకము చేసికొనుట మంచిది. కనుమనాడు జగ్గన్నతోట తీర్థమునకు ఏకాదశ రుద్రుల ప్రభలను, వెదురు కట్టి, రంగురంగుల గుడ్డలు చుట్టి, భుజములపై నెత్తుకొని, పంటచేల మీదుగ, కాలువ నీటిలోనుండి సైతము దాటించుకొని పోవు సీమ ఇది. ఏ ఊరి ప్రభ ఏదియో మైలు దూరమునుండియే పిల్లలు గుర్తింతురు. రథమైనను అంతే, గుడిలోనికి పోవ వీలులేని వానికిని, వృద్ధునకును, రోగికిని దేవుడే ఎదురువచ్చి కనబడు సాధనమది. వీథియంతయు దానిదే, ఆ దినమంతయు దానిదే. ప్రజలకు తమ మాటను కంటికెదురుగ నిలుపుకొనుటకు ఇంతకు మించిన పీఠమేది?

1931 మార్చి 30వ తేదీ ఆ యేటి రథోత్సవము. అంతకు ఇరువదియైదు దినముల పూర్వమే, మార్చి 5న, గాంధీగారికిని ఇర్విన్ ప్రభువునకును ఒడంబడిక కుదిరియుండెను. శాసనోల్లంఘనము నిలిచినది, ఖైదీలు విడుదలగుచుండిరి. వారము దినముల క్రితము లాహోరులో భగత్‌సింగును ఉరితీసిరి. రథోత్సవము జరిగిన దినముననే సింధుదేశమున కరాచీ నగరములో కాంగ్రెసు మహాసభ కొనసాగుచుండెను. ఒక వంక రాజీ, మరియొక వంక దుఃఖము. జనము మనస్సు ఆ రెంటి నడుమ ఊగుచున్న దినములవి. వాడపల్లిలో రథముపై గాంధీగారి చిత్రపటము, జాతీయ పతాకము వెలసినవి.

వానిని తొలగింపవలెనని పోలీసులు పట్టుబట్టిరి. ఆ బలగమునకు నాయకత్వము వహించినవాడు తూర్పు గోదావరి మండలమున క్రౌర్యమునకు పేరువడిన ముస్తఫా ఆలీఖాను. జనము తొలగింపమనిరి. మాట మీద మాట పెరిగి, తుదకు తుపాకులు పేలినవి, నలుగురు నేలకొరగిరి. ఉత్సవమునకు వచ్చిన జనము చెల్లాచెదరైనది.

ఈ సంఘటనను మన చరిత్రకారులు పోలీసు దౌర్జన్యముల పట్టికలో ఒకటిగ లెక్కించి ముందునకు సాగిపోవుట పరిపాటి. అది దౌర్జన్యమే, సందేహము లేదు. అయితే పోలీసులకు కోపమేల వచ్చినదను ప్రశ్న ఇంకను మిగిలియున్నది. అచ్చట సభ లేదు, ఉపన్యాసము లేదు, ఉప్పు వండినవారు లేరు, కల్లు దుకాణము ఎదుట పికెటింగు లేదు. ఒడంబడిక ననుసరించి కాంగ్రెసు ఆనాడు రాజద్రోహ సంస్థయు కాదు. కొయ్యచట్రములో ఒక బొమ్మ, కఱ్ఱకొక గుడ్డ, ఇంతే. అదే బొమ్మ ఎవ్వరి ఇంటి గోడకో వ్రేలాడుచున్నచో పోలీసులు చూచీచూడనట్లు పోయియుందురు. రథముపైకెక్కగనే దానికర్థము మారినది. దేవుని సరసన ఇంతవరకు రాజునకును, జమీందారునకును, ధర్మకర్తకును మాత్రమే దక్కిన గౌరవస్థానమున ప్రజలు తమకిష్టమైనవానిని తామే నిలిపిరి. ఎవ్వరికి మ్రొక్కవలెనో నిర్ణయించునది ప్రభుత్వము కాదని ఆ రథము మాటాడకయే చెప్పినది. ఆ సంగతి రథము లాగుచున్నవారికి తెలిసినంత స్పష్టముగ ముస్తఫా ఆలీఖానుకును తెలిసినది. కనుకనే తుపాకి వరకు పోయినది.

రాజకీయ చిత్రమునకు రెండు బలములు కలవని ఇంతవరకు చెప్పిన కథ వలన తేలుచున్నది. ఎవ్వరైనను నకలు తీయగల సౌలభ్యము మొదటిది. అధికారము తన సొత్తని భావించిన స్థలములో నిలుచు సాహసము రెండవది. బెజవాడలో మొదటిది సిద్ధించినది. కోనేరులోను వాడపల్లిలోను రెండవది. ఇది మన దేశమునకు మాత్రమే చెల్లు సిద్ధాంతమేమో యని శంకించువారు అరబ్బు దేశముల ఇటీవలి చరిత్రను పరికింపవలయును. అచ్చట గత శతాబ్ది ఉత్తరార్ధమున చిత్రకారులనేకులు చిత్రశాలలకు స్వస్తి చెప్పి పోస్టరును, పత్రిక ముఖచిత్రమును, వ్యంగ్యచిత్రమును తమ ప్రధాన కళగ స్వీకరించిరి.

పాలస్తీనాలోని లిద్దా పట్టణము నుండి 1948లో వెడలగొట్టబడిన ఇస్మాయిల్ షమ్మూత్ శరణార్థి శిబిరమున తలదాచుకొని, చిత్రకారుడై, 1965 నుండి పాలస్తీనా విమోచన సంస్థ చిత్రకళాశాఖను నడపెను. ఆ సంస్థ పోస్టర్లు బేరూతు గోడలనిండ అంటుకొనినవి. సులైమాన్ మన్సూర్ 1973లో వ్రాసిన చిత్రమున ఒక వృద్ధ హమాలీ జెరూసలేము నగరమునంతటిని మూటగ గట్టి వీపున మోయుచున్నాడు. ఆ చిత్రము పోస్టరుగ అచ్చై ఇంటింటి గోడకెక్కినది. అసలు చిత్రమును చూచినవారు కొలదిమంది. నకలును చూడనివారు కొలదిమంది. నాజీ అల్ అలీ 1969లో కువాయిటు పత్రిక యొకదానిలో హందాలా అను పదేండ్ల బాలుని సృష్టించెను. చిరుగు గుడ్డలు, బోడికాళ్లు, కొలది గీతలలో ముగియు రూపము. తరువాత ఆ బాలుడు లోకమునకు వీపు చూపి, చేతులు వెనుకకు కట్టుకొని నిలిచిపోయెను. ఆ బొమ్మను బడిపిల్లవాడైనను సుద్దముక్కతో గోడమీద గీయగలడు. దాని కర్తను 1987లో లండను వీథిలో కాల్చి చంపినను, గోడలమీది బాలుడు చెరగలేదు.

మొరాకో దేశమున మహమ్మద్ మెలెహీ అను చిత్రకారుడు సూఫల్ అను సాహిత్య పత్రికకు 1966లో నల్లని సూర్యబింబముతో ముఖచిత్రమును రూపొందించెను. ఆ పత్రికను 1972లో ప్రభుత్వము నిలిపివేసి సంపాదకుడైన కవి లాబీని చెరలో నుంచెను. అదే మెలెహీ మిత్రులతో కూడి 1969లో మరాకేషు నగరపు జమా అల్ ఫనా మైదానమున, పాములవాండ్రును, కథకులును, తినుబండారముల అంగడులును నిండిన చోట, తన చిత్రములను ఆరుబయట ప్రదర్శించెను. చిత్రశాలకు రాని జనము నడుమకు చిత్రమే పోవలెనను ఆయన సంకల్పము వాడపల్లి రథము లాగినవారికి క్రొత్తగ తోచియుండదు.

అన్నిటికంటె వాడపల్లికి చేరువైన కథ రామల్లాలో జరిగినది. 1967 యుద్ధము పిమ్మట ఇజ్రాయేలు ఆక్రమించిన ప్రాంతములలో పాలస్తీనా జెండా నిషిద్ధమైనది. 1980లో సైనికాధికారులు అచ్చటి చిత్రశాల యొకదానిని మూయించి, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు రంగులను కలిపి వాడరాదని చిత్రకారులను హెచ్చరించిరనియు, ఆ రంగులతో పువ్వును వ్రాసినచో ఏమందురని ఒక చిత్రకారుడు అడుగగా, పువ్వేమి, పుచ్చకాయను వ్రాసినను స్వాధీనపరచుకొందుమని ఒక అధికారి బదులిచ్చెననియు మన్సూర్ పలుమారులు చెప్పియున్నాడు. ఆ మాట ఫలితముగ పుచ్చకాయయే జెండాయైనది. నేడు లోకమందలి నగరములనేకములలో ఊరేగింపులలో అది కనబడుచున్నది. నిషేధించువాడు తెలియకయే చిత్రకారునకు సహాయుడగుట ఇట్లే.

ఇట్టి చిత్రములు పాలకుల చేతికి చిక్కినప్పుడు ఏమగును? దీనికి సమాధానము మరల మన జెండా కథలోనే ఉన్నది. వాడపల్లిలో నెత్తురు ఆరకమునుపే, కరాచీలో కాంగ్రెసువారు జెండాపై వచ్చిన ఆక్షేపణలను విచారించుటకు ఏడుగురు సభ్యుల ఉపసంఘమును నియమించిరి. దానికి సంచాలకుడు మన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. జెండా యంతయు ఒక్కటే కాషాయవర్ణమై, దానిపై రాట్నముండవలెనని ఉపసంఘము సలహా. బొంబాయిలో ఆగస్టున కూడిన అఖిల భారత సంఘము దానిని అంగీకరింపక, కాషాయము, తెలుపు, ఆకుపచ్చ పట్టీలను, నడిమి పట్టీపై నీలిరంగు రాట్నమును నిర్ణయించి, రంగులకు మతార్థము లేదని స్పష్టము చేసినది. 1947 జూలై 22న రాజ్యాంగసభ రాట్నమునకు మారుగ అశోకచక్రమును నిలిపి దానిని స్వతంత్ర భారత పతాకముగ ప్రకటించినది.

అంతట ప్రజల జెండా రాజ్యపు జెండాయైనది. రాజ్యపు జెండాకు నియమములు వచ్చినవి. ఏ భవనముపై, ఏ వేళ, ఏ కొలతలతో, ఏ గుడ్డతో ఎగురవలెనో విధించిరి. 2002వ సంవత్సరము జనవరి 26 వరకు సామాన్య పౌరుడు తన ఇంటిపై ఏడాది పొడుగున దానిని ఎగురవేసికొనుటకు అనుమతి లేకపోయెను. 2021 చివరలో నియమమును సవరించి యంత్రముపై నేసిన గుడ్డను, పాలియెస్టరును సైతము అంగీకరించిరి. రాట్నముతో ఆ జెండాకుండిన చుట్టరికము ఆ దినముతో ఐచ్ఛికమైనది. గౌరవము పెరిగినది, కొరత యేమియు లేదు. కాని 1931లో కుట్టుసూది గల ప్రతివాని సొత్తుగ నుండిన వస్తువు విధినిషేధముల సొత్తయినదనుట మాత్రము సత్యము.

ఇందు దుఃఖింపవలసినది లేదు. ఉద్యమము గెలిచినపుడు దాని గురుతు సింహాసనమెక్కుట సహజమే. అయితే గురుతు సింహాసనమెక్కిన పిదప ఎదిరింపుల పని దానిచే సాగదు. ఎదిరింపదలచినవారు క్రొత్త గురుతును వెదకికొనవలసినదే, అదియు ఎవ్వరైనను గీయగలిగినదై, ఎవ్వరును ఊహింపని చోట నిలువగలిగినదై యుండవలెను. మన చిత్రకళాచరిత్రలను వ్రాయువారు దామెర్ల రామారావుగారి రాజమహేంద్రవర చిత్రశాలతో గోదావరి సీమ కథను ముగించుచున్నారు. ఆయన ప్రతిభకు ఎవ్వరును వంక పెట్టజాలరు. కాని కుంచె పట్టని జనము, ఒక పటమును ఒక రథముపై సరియైన వేళ, సరియైన చోట నిలిపి, అందుకు ప్రాణములొడ్డిన సంగతియు ఆ చరిత్రలో ఒక అధ్యాయమునకు తగినదే. వాడపల్లిలో ఒరిగిన నలుగురను పోలీసు రికార్డులకు మాత్రమే విడిచిపెట్టుట న్యాయము కాదు.

ముస్తఫా ఆలీఖాను పేరు ఈ సీమ కథలో ఇంతటితో తీరలేదు. 1933 నాటి కాకినాడ బాంబు కేసును, దాని నాయకుడైన ప్రతివాది భయంకరాచారి వృత్తాంతమును వచ్చు ప్రకరణమున వివరింతుము.